చుట్టుమెట్ల చోటు

నందిగామలో మా యింటికి మేడ కట్టించిన యేట, పెరటివైపు మిగిలిన కొద్దిపాటి స్థలములో ఇనుప చుట్టుమెట్లు పెట్టించి, పైకి పోవు దారి యింత సొగసుగా ఇంత తక్కువ చోటులో ఇమిడినదిగదా యని నాలుగు దినములు మురిసికొంటిని. అయిదవ దినమున మా ఉక్కు బీరువా ఆ మెట్ల మొదటికి వచ్చి, అటు తిప్పినను ఇటు తిప్పినను మూడవ మెట్టు దాటక, నడిమి స్తంభమునకును రెయిలింగునకును నడుమ ఇరుకుకొని, నా మురిపెమునకు భరతవాక్యము పలికినది. తుదకు నలుగురు మనుషులు మోకులు కట్టి పిట్టగోడ మీదుగా దానిని పైకి లాగవలసి వచ్చెను. క్రింద నిలిచి చూచుచున్న మేస్త్రీ, "మనుషులెక్కే మెట్లు చేయించుకొని బీరువాలెక్కిస్తానంటే ఎట్లా మాస్టారూ? ముందే ఒక మాట చెప్పొద్దా?" అనెను. బీరువా ఆనాడే పైకెక్కినది గాని, ఆ మాటలోని న్యాయము నా తలకెక్కుటకు చాల యేండ్లు పట్టినది.

ఇటీవల మా తమ్ముడు జగ్గయ్యపేటలో తన డాబాపై ఒక అంతస్తు వేయ సంకల్పించి, "మెట్లు మటుకు చుట్టుమెట్లే అన్నయ్యా, చోటు లేదు" అన్నప్పుడు ఆ బీరువా మరల నా కన్నులయెదుట నిలిచినది. ఇండ్ల ప్లానులు గీయువారు ఈ రెండూళ్లలోను కాగితమును విడిచి కంప్యూటరును పట్టి చాలకాలమైనది. నా దగ్గర చదువుకొన్న అమ్మాయి యొకతె నందిగామలో అట్టి కార్యాలయమున పనిచేయుచుండుటచే, మేమిద్దరము ఆమె ప్రక్కన కూర్చుండి, లేని మెట్లు తెరమీద లేచి నిలుచుటను రెండు సాయంకాలములు చూచితిమి. చూచినదంతయు ఒక్క మాటలోనికి దింపవలెనన్న ఇట్లు చెప్పుదును: చుట్టుమెట్లలో కట్టవలసినది సగమే, తక్కిన సగము కట్టక విడువవలసిన చోటు. ఎంత విడువవలెనో, ఎచట విడువవలెనో తెలియుటయే ఆ పనిలోని విద్య.

మొదట పేరు సంగతి. వీనిని మన మెట్ట ప్రాంతపు మేస్త్రీలు రౌండు మెట్లందురు, స్పైరల్ మెట్లందురు, చుట్టుమెట్లందురు. గణితవేత్తలు మాత్రము స్పైరల్ అను మాటకు ఒప్పుకొనరు. వారి లెక్కలో అది జిలేబీవలె ఒకే తలముపై నుండి కేంద్రమునకు దూరమగుచు చుట్టుకొనిపోవు రేఖ. మన మెట్లు చుట్టునది అట్లు గాక, మరమేకునకు గల మరవలె, స్తంభమునుండి ఎడమును మార్చుకొనక, తిరిగినకొలదిని పైకి లేచును. జిలేబీకి ఎత్తు లేదు, మరకు ఉన్నది. ఈ భేదము పండితుల పంతమువలె కనబడును గాని, కంప్యూటరుతో మాటలాడవలసి వచ్చినపుడు అదియే పనికివచ్చును. యంత్రము అడుగునవి రెండే: ఒక్కొక్క మెట్టునకు ఎంత తిరుగవలెను? ఎంత లేవవలెను?

తిరుగుటలో ఈ ప్రాంతమునకు చాల పాత పరిచయము కలదు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట పేటను వెలయింపకముందు బేతవోలని పిలువబడిన ఆ యూరి చెంత, ధనబోడు అను గుట్టమీది బౌద్ధస్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించి, అమరావతి స్తూపముతో జతగా దాని వివరములను 1887లో గ్రంథస్థము చేసెను. ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి, తానును శిల్పి కుమారుడే, ఆ స్తూపపు తూర్పు ద్వారమున అయిదు ఆయక స్తంభములను నిలిపినట్లు అచటి శాసనము చెప్పుచున్నది. స్తూపమును అలంకరించిన సున్నపురాతి పలకలలో మాంధాత చక్రవర్తి శిల్పము మద్రాసు ప్రదర్శనశాలకు చేరి ప్రసిద్ధి కెక్కినది. ఆ సున్నపురాయియే నేడు జగ్గయ్యపేట పరిసరములలో సిమెంటుగా మారి మన స్లాబులలో కలియుచున్నది.

స్తంభములను, పలకలను అందరును చూతురు. స్తూపమునకు చుట్టును భక్తులు నడచుటకై విడిచిన దారిని చూచువారు తక్కువ. ఆ ప్రదక్షిణపథము లేనిచో స్తూపము రాళ్లకుప్పయే కాని ఆరాధ్యము కాదు. ఆ దారిలో నడచువానిని అడుగడుగునకు ఏడేసి అంగుళములు పైకి లేపుచు పోయినచో, అదియే చుట్టుమెట్టు. రోమునగరములో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ విజయస్తంభమున చలువరాతి దిమ్మెల గర్భము తొలిచి 185 మెట్లను చుట్టిరి; మన హైదరాబాదున 1591లో వెలసిన చార్మినారులో 149 మెట్లు చుట్టుకొనుచు పై అంతస్తునకు చేరును. రాతిలో చుట్టుమెట్లు చేయువారి పని యంతయు తొలిచివేయుట. మిగిలిన చోటులోనే మనుష్యులు నడచిరి.

ఇక తెర సంగతికి వత్తము. 1982లో వెలువడిన ఆటోక్యాడ్ వంటి సాధనములు మొదట చేసినది కాగితముమీది గీతను తెరమీది గీతగా మార్చుట. ఆ గీతకు తాను గీతనని తప్ప, తలుపుననియో, మెట్టుననియో తెలియదు. హంగరీలో పుట్టిన ఆర్కిక్యాడ్, 2000లో వెలువడి రెండేండ్లలో ఆటోడెస్క్ సంస్థ చేతికి వచ్చిన రెవిట్ మొదలగునవి వేరొక త్రోవ త్రొక్కినవి. వీనిలో గోడకు గోడ గుణములు, మెట్టునకు మెట్టు గుణములు ఉండును; అంతస్తు యెత్తు మార్చినచో దానిని ఆనుకొన్న మెట్ల యెత్తు తిరిగి లెక్కకు వచ్చును. ఆ 2000లోనే వచ్చిన స్కెచప్ ఇంకను సులభము. ఒక మెట్టును చేసి, దానిని కాంపొనెంటుగా కట్టి, ప్రతి నకలును ఇంత తిప్పి ఇంత లేపుచు పోయినచో వరుస సిద్ధమగును. తరువాత ఒక మెట్టును సవరించినచో తక్కినవన్నియు దానిని అనుసరించును. అన్నిటిలోను వాడుక భేదమే గాని లెక్క యొక్కటే.

అమ్మాయి మొదట అడిగినది మెట్లను గూర్చి కాదు; "క్రింది నేల మీదనుంచి పై నేల మీదకు ఎంత సార్?" అని. తమ్ముడు టేపుతో కొలిచి వ్రాసికొని వచ్చినది పది అడుగుల నాలుగు అంగుళములు. "ఇది స్లాబు దాకా కొలిచారా, పైన టైల్స్ వేశాక వచ్చే ఎత్తా?" అని మరల అడిగెను. స్లాబు దాకనే. దానిపై ఇసుక, సిమెంటు, పలక కలిసి ఇంకొక రెండంగుళములు లేచును. ఈ రెండంగుళములను మరచి మెట్లు చేయించినవారి యిండ్లలో, అన్ని మెట్లు ఏడంగుళములై, చిట్టచివరిది మాత్రము తొమ్మిదై యుండును. కాలు కన్నుకంటె ముందుగా లెక్క నేర్చుకొనునది. పదునేడు సారులు ఏడని నమ్మినది పదునెనిమిదవసారి తొమ్మిదని తెలిసికొనులోపల బోర్లపడును. కనుక తెరమీద రెండు మట్టములను నిర్ణయించునపుడు పూర్తియైన నేలనే పట్టవలెను. మాకు తేలినది పది అడుగుల ఆరంగుళములు, అనగా 126 అంగుళములు.

దానిని పదునెనిమిది చేత భాగించినచో సరిగా ఏడంగుళములు. మన దేశపు 2016 జాతీయ భవన నియమావళి నివాసగృహములకు మెట్టు యెత్తు 190 మిల్లీమీటర్లకు, అనగా ఏడున్నర అంగుళములకు, మించరాదనియు, అడుగు పెట్టు వెడల్పు 250 మిల్లీమీటర్లకు, అనగా ఇంచుమించు పది అంగుళములకు, తగ్గరాదనియు చెప్పుచున్నది. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు వాస్తుశిల్పి ఫ్రాన్స్వా బ్లోండెల్, రెండు ఎత్తులను ఒక వెడల్పును కలిపిన మొత్తము మనుష్యుని ఒక అంగకు, తమ దేశపు కొలతలో ఇరువదినాలుగు అంగుళములకు, సరిపోవలెనని సూత్రము చేసెను. ఏడును ఏడును పదియు కలిపినచో మనకు వచ్చునదియు ఇరువదినాలుగే. ఆయన అంగుళము మనదానికంటె కొంచెము పెద్దదియైనను, మోకాలు ఆ పాటి తేడాను క్షమించును.

సాధనములో అంగీకృతమైన గరిష్ఠపు ఎత్తును, కనిష్ఠపు వెడల్పును ముందే నియమముగా వ్రాసి యుంచిన, మనము తప్పినపుడు అది హెచ్చరించును. అది పదునెనిమిది రైజర్లు అని చూపగానే మా తమ్ముని ముఖము చిన్నబోయినది. మెట్లు బేసి సంఖ్యలో నుండవలెననుట మన యిండ్లలో పాతుకొనిపోయిన నమ్మకము. "పదిహేడు చెయ్యమ్మా" అనెను. ఆ పిల్ల నవ్వక, "పదిహేడు రైజర్లు చేస్తే ఒక్కోటి ఏడున్నర దగ్గరికి పోతుంది సార్, ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్లకు కష్టం. అయినా ఇవి పదిహేడు మెట్లే. పద్ధెనిమిదోసారి మీరు కాలు పెట్టేది మీ స్లాబు మీద" అని చెప్పెను. యంత్రము లెక్కించునది నిలువు ముఖములను, మేస్త్రీ లెక్కించునది కాలు పెట్టు పలకలను; ఒకటి పదునెనిమిది, రెండవది పదునేడు. ఇంటి యజమానికి కావలసిన శాంతి ఆ రెండింటి నడుమ దొరకినది.

ఎత్తు తేలిన తరువాత తిరుగుడు. పెరటిలో దొరకిన చోటు ఆరడుగుల వ్యాసము గల వృత్తము. నడుమ నాలుగంగుళముల ఇనుప గొట్టము. దానినుండి వెలుపలి అంచు వరకు ముప్పదినాలుగు అంగుళములు. తిన్నని మెట్టునకు వెడల్పు అంతటను ఒక్కటే గాని, చుట్టుమెట్టు విసనకఱ్ఱ రెక్కవలె లోపల సన్నమై వెలుపల విచ్చుకొని యుండును. మరి దేనిని కొలువవలెను? మనుష్యుడు స్తంభమును రాసికొనియు నడవడు, అంచున వ్రేలాడుచును నడవడు. అతడు నడచు త్రోవను నడకరేఖ యందురు. ఆరడుగుల మెట్లలో కేంద్రమునుండి రెండడుగుల దూరమున దానిని ఊహింపవచ్చును. ఒక్కొక్క మెట్టును ఇరువదినాలుగు డిగ్రీలు తిప్పినచో, ఆ రేఖపై వెడల్పు పదియంగుళములు. వెలుపలి అంచున పదునైదు. స్తంభము చెంత అంగుళమైన లేదు. చుట్టుమెట్లలో దిగుచు జారినవారు, తొందరలో లోపలివైపునకు వచ్చి, ఆ లేని అంగుళముపై కాలు మోపినవారే.

అమ్మాయి క్రింది మట్టమును, పై మట్టమును చూపి, స్పైరల్ అను పద్ధతిని ఎన్నుకొని, కేంద్రమున ఒకసారి, అంచున ఒకసారి మీట నొక్కగానే, పదునేడు మెట్లును ముగ్గుచుక్కల చుట్టు గీత తిరిగినట్లు చుట్టుకొన్నవి. మన ఆడువారు వాకిట వేయు ముగ్గునకు ఎత్తు వచ్చినచో ఎట్లుండునో అట్లున్నది. ఏ దిక్కునకు తిరుగవలెనని యడిగెను. ప్రదక్షిణముగా అని మేమిద్దరము ఒకేసారి అంటిమి. ఆమె ఒక మీట నొక్కగా మెట్లన్నియు వేరువైపునకు తిరిగినవి. ఇందులో నమ్మకమునకు తోడు ఒక ఉపయోగము కూడ ఉన్నది. దేవుని కుడివైపున నుంచుకొని తిరిగినట్లే, ప్రదక్షిణముగా ఎక్కువానికి స్తంభము కుడివైపున నుండును. అతడే దిగునపుడు వెలుపలి వెడల్పైన భాగమును, దానిమీది రెయిలింగును అతని కుడిచేతికి వచ్చును. పడుట ఎక్కువగా దిగునపుడే గనుక, కుడిచేతివాటము వారికి అదియే మేలు.

ఇంతవరకు అంతయు బాగుగనే యున్నది. తెరను త్రిప్పి ప్రక్కనుండి చూచినపుడు మాత్రము తమ్ముడు ఉలికిపడెను. పైమెట్లు స్లాబును చీల్చుకొని, ఇనుమునకు గాని కాంక్రీటునకు గాని నొప్పి లేకుండ, దయ్యము గోడలోనుండి పోయినట్లు పైకి పోయినవి. రెవిట్ వంటి సాధనములో మెట్లు వేసినంతమాత్రమున కప్పు తెరచుకొనదు; కప్పును వేరుగా కత్తిరింపవలెను. క్రొత్తగా నేర్చుకొనువారిలో పలువురు తడబడు తావు ఇదియే. మెట్టు ఒక వస్తువు, కాబట్టి అది తెరమీద కనబడును. కంత వస్తువు కాదు, కాబట్టి అడిగిననే గాని రాదు. అచట నాకు మా మేస్త్రీ మాట మొదటిసారి సగము తలకెక్కినది.

కంత యెంత యుండవలెను? మెట్ల వ్యాసమంత యన్న చాలదు; రెయిలింగు పట్టుకొన్న చేయి స్లాబు అంచునకు రాసికొని నలుగకుండ చుట్టును రెండేసి అంగుళములైనను అధికముగా విడువవలెను. అది పూర్తి వృత్తముగ నున్నచో పైకి వచ్చినవాడు కాలు పెట్టుటకు నేల యుండదు. కనుక వృత్తములో ఒక ముక్కను కప్పి, దిగుచోటుగా, అనగా ల్యాండింగుగా, ఉంచుదురు. మా తమ్ముడు పావువంతు కప్పుమనెను. వచ్చినవాడు హాయిగా నిలువవలెనని అతని ఆశ.

ఆ ఆశకు లెక్క అడ్డుపడిన తీరు చూడదగినది. పదునైదు మెట్లకు ఒక చుట్టు పూర్తియగును. పదునారవది మొదటిదాని నెత్తిపైకి, పదునేడవది రెండవదాని నెత్తిపైకి వచ్చును; వాని నడుమ ఎడము ఎనిమిది అడుగులకు పైగా నుండుటచే చింత లేదు. ల్యాండింగు మొదలగునది మూడవ మెట్టునకు పైన. స్లాబును, గచ్చును కలిపి ఎనిమిది అంగుళములు పోగా, కప్పు అడుగు భాగము క్రింది నేలకు 118 అంగుళముల యెత్తున నుండును. నాలుగవ మెట్టుపై నిలిచినవాడు అప్పటికి ఇరువదియెనిమిది అంగుళములు లేచియుండును గనుక అతని పాదమునుండి కప్పునకు ఏడున్నర అడుగులు మిగులును. అయిదవ మెట్టుపై ఆరడుగుల పదునొకండు అంగుళములు; ఆరవ దానిపై ఆరడుగుల నాలుగు. నియమావళి కోరునది 2.2 మీటర్లు, అనగా ఏడడుగుల రెండంగుళములకు పైమాట. నాలుగవ మెట్టు గట్టెక్కినది, అయిదవదియే తప్పినది. పావువంతు కప్పినచో ఆ కప్పు ఆరవ మెట్టుమీదికిని వచ్చును.

అమ్మాయి ఒక మనుష్యుని బొమ్మను, మా తమ్మునివలె ఆరడుగుల వానిని, ఆరవ మెట్టుపై నిలువబెట్టెను. తలకును కాంక్రీటునకును నడుమ నాలుగే అంగుళములు. "తల తగల్లేదుగా?" అని తమ్ముడు. "నిలబడితే తగల్లేదు సార్. మెట్టెక్కేటప్పుడు మనిషి కొంచెం లేస్తాడు కదా. నెత్తిన గంప ఉంటే?" అని ఆమె. ల్యాండింగు రెండు మెట్ల మేర, నలువదియెనిమిది డిగ్రీలకు తగ్గినది. మూడవ, నాలుగవ మెట్లమీదుగా వచ్చి, అయిదవ మెట్టు మొదలగుచోటనే అది ముగిసినది. తెరమీద ఆ కప్పు అంచు కదలి వెనుకకు జరుగగా, నిలిచిన బొమ్మ తలపై ఆకాశము కనబడెను.

రెండంతస్తులకు మించి కట్టువారికి ఇంకొక చిక్కు కలదు. మా మెట్లు ఒక అంతస్తు ఎక్కులోపల తిరుగునది 408 డిగ్రీలు; అనగా ఒక చుట్టును, దానిపై నలువదియెనిమిదియు. ల్యాండింగును కలుపుకొన్నచో పై అంతస్తు మెట్లు క్రిందివి మొదలైన దిక్కున గాక, తొంబదియారు డిగ్రీలు జరిగి మొదలగును. ఆ పైది మరియొక తొంబదియారు. క్రింది అంతస్తులో పెరటి తలుపునకు ఎదురుగా దింపిన మెట్లు, ఆ పైన గోడకు ఎదురుగా దింపును. ఒక అంతస్తు చేసి పైకి నకలు తీసిన సరిపోవునను తొందర ఇచటనే బెడిసికొట్టును. ప్రతి అంతస్తునను ఒకే చోట దిగవలెనన్న, మెట్లును ల్యాండింగును కలిసి సరిగా 360 డిగ్రీలు కావలెను. పదునేడు మెట్లకు పదునెనిమిదేసి డిగ్రీలైన 306. మిగిలిన ఏబదినాలుగు ల్యాండింగునకు. అప్పుడు నడకరేఖపై పదియంగుళములు దక్కవలెనన్న వ్యాసము ఎనిమిది అడుగులకు పెరుగును. చోటు మిగుల్చుకొన వచ్చినవాడు మరల చోటునే చెల్లింపవలసి వచ్చును. మాది ఒక్క అంతస్తే గనుక ఆ సుంకము తప్పినది.

తెర చెప్పనివి కొన్ని కలవు. వాస్తువిన్యాసపు సాధనము రూపమును చూపును, బలమునకు పూచీపడదు. నడుమ గొట్టము గల ఇనుపమెట్లలో బరువు గొట్టమునకు దిగును గనుక దాని క్రింద పునాది, పైన పట్టు చక్కగా నున్న చాలును. నడుమ స్తంభము లేక కాంక్రీటుతో వంపుగా పోవు మెట్లలో స్లాబు వంగుటయేగాక మెలిపడును. తడిబట్టను పిండునపుడు చేతులు వేయు మెలికవంటి బలము అది. దానికి కడ్డీలు ఎన్ని, ఎచట అని చెప్పవలసినవాడు స్ట్రక్చరల్ ఇంజనీరు. పాత స్లాబులో కంత కొట్టుటయు అట్టిదే. దూలమును తెగగొట్టిన మెట్లుండును గాని ఇల్లుండదు. అగ్నిప్రమాదము నుండి తప్పించుకొను దారిగా చుట్టుమెట్లను వాడదలచినచో నియమావళి వ్యాసము 150 సెంటీమీటర్లకు తగ్గరాదనియు, సామాన్యముగా భవనపు ఎత్తు 9 మీటర్లకు మించరాదనియు, కొలదిమంది యుండు చోటులకే పరిమితము కావలెననియు కట్టడి చేయుచున్నది. నలుగురు ఒకేసారి పరుగెత్తుటకు పనికిరాని దారి యని దీని తాత్పర్యము.

వెల్డింగు షాపునకు పోవునది ఈ తెర కాదు, దానినుండి తీసిన కాగితము. అచట ఒక్క మెట్టు కొలత చాలును. గరుకుగళ్ల ఇనుప రేకును విసనకఱ్ఱ ముక్కగా కోసి, దాని కొనకు గొట్టపు ముక్కను అతికి, అట్టివి పదునేడు చేసి, నడిమి గొట్టమునకు పూసలు గ్రుచ్చినట్లు గ్రుచ్చి, తిప్పి నిలిపి అతుకుదురు. గొట్టము తూకపుగుండునకు సరిపోవలెను. ప్రతి పలకయు రసమట్టమునకు నిలువవలెను. గొట్టము ఒక వెంట్రుకవాసి వాలినను మెట్లన్నియు ఆ వాలును పంచుకొనును.

రెండవ సాయంకాలము పని ముగియునను తరుణమున అమ్మాయి, "ఈ మెట్ల మీద పైకి ఏమేమి పోవాలి సార్?" అని యడిగెను. తమ్ముడు నావంక చూచెను. మరదలికి ఫోను చేసితిమి. "వడియాల పళ్లేలు పోవాలి బావగారూ, రెండు చేతులా పట్టుకొని. ఊరమిరపకాయల చేటలు పోవాలి. పరుపులు, గ్యాసు బండ, మా అత్తగారి బీరువా" అని ఆమె ఏకరువు పెట్టెను. పళ్లెముల కొరకు రెయిలింగు యెత్తు పెంచి, నడకరేఖను మరల చూచితిమి. బీరువా కొరకు అమ్మాయి ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల పెట్టెను తెరమీద చేసి, మెట్లపై నడిపెను. మూడవ మెట్టు దగ్గర దాని మూల రెయిలింగులోనుండి బయటికి పొడుచుకొని వచ్చినది. నేను ఆ దృశ్యమును ఇంతకుముందు చూచియుంటిని, అప్పుడది ఇనుము.

మెట్లను మార్చలేదు. పై అంతస్తు వీధివైపు పిట్టగోడలో నాలుగడుగుల మేర గోడ కట్టక విడిచి, ఆ చోట బోల్టులతో విప్పుటకు వీలుగా ఇనుప రెయిలింగు పెట్టవలెననియు, దాని పైన కప్పులో కప్పీ వ్రేలాడదీయుటకు ఒక కొక్కెమును ముందే పోయవలెననియు నిర్ణయమైనది. సామాను వచ్చిననాడు రెయిలింగు విప్పి, మోకు వేసి లాగుదురు; తక్కిన దినములలో అది పిట్టగోడవలెనే యుండును. కత్తిరించిన కప్పు కంత, జరిపిన ల్యాండింగు అంచు, ఈ నాలుగడుగుల ఖాళీ, మూడును ఒకే పనిలోని మూడు భాగములని నాకు తోచినది. సిద్ధార్థుడు నిలిపిన స్తంభముల చెంత భక్తులకు దారి మిగిలినట్లే, మెట్ల చెంత తలకు, చేతికి, బీరువాకు చోటు మిగులవలెను.

మరునాడు ఆ కాగితమును తీసికొని జగ్గయ్యపేటకు పోయితిమి. మా యింటి మెట్లు కట్టించిన ఆ మేస్త్రీయే, ఇప్పుడు తాపీ పట్టలేక కొడుకుల పనిని చూచుకొనుచున్నాడు, తమ్ముని డాబాకు వచ్చియుండెను. కాగితమును ఎండకు ఎత్తిపట్టి, కళ్లజోడు సవరించుకొని, చుట్టుమెట్లపై వ్రేలు త్రిప్పి, పదునేడు లెక్కపెట్టి, తృప్తిగా తలయూపెను. తరువాత వ్రేలు పిట్టగోడ గీత వెంట పోయి, గీత ఆగినచోట ఆగినది.

"ఇదేంది మాస్టారూ, ఇక్కడ గోడ తెల్లగా వదిలేశారు?"

"బీరువాకు."

ఆయన నావంక ఒక నిమిషము చూచి, "ఈసారి ముందే చెప్పారే!" అని నవ్వి, సున్నపు ముగ్గు డబ్బా అందుకొని, పెరటిలో ఆరడుగుల వృత్తమును పోయుటకు వంగెను.